తోడేలు తలకు వెల

1875 నుంచి 1925 దాకా బ్రిటిష్ ఇండియాలో చంపిన తోడేళ్ళు సుమారు 2 లక్షలు. సర్కారు బహుమతుల లెక్కల్ని తిరగేసి చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ తేల్చిన సంఖ్య ఇది. అదే కాలంలో చచ్చిన పులులు 80 వేల పైచిలుకు, చిరుతలు లక్షన్నర పైన. పులిని కొట్టడం దొరలకు గొప్ప. తోడేలును కొట్టడం డబ్బుల కోసం ఊళ్ళోవాళ్ళు చేసే పని.

పద్ధతి సులువు. తలో తోలో తెచ్చి కచేరీలో చూపిస్తే డబ్బు చేతికొచ్చేది. ఈ వేట ఎక్కువగా సాగింది ఉత్తరాదిన. అవధ్ ప్రాంతంలో తోడేళ్ళు పసిపిల్లల్ని ఎత్తుకుపోతున్నాయన్న భయం దాని వెనుక ఉంది.

దక్కనులో కథ వేరు. ఇక్కడ తోడేలు ప్రధానంగా గొర్రెల దొంగ. అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ బీళ్ళలో దాన్ని ఎదుర్కొన్నది కురుమలు, కురుబలు, గొల్లలు. వాళ్ళకు తుపాకీ లేదు, మంద కాసే విద్య ఉంది.

పంట కోసిన చేలల్లో రైతులు ఎరువు కోసం మంద పెట్టించుకుంటారు. అందుకు కాపరికి గింజలో డబ్బో ముడుతుంది. చీకటిపడే వేళకు గొర్రెల్ని ఒకచోట చేర్చి, చుట్టూ ముళ్ళకంప వేస్తారు, లేదా వల కడతారు. లేత పిల్లల్ని గంపల కింద మూస్తారు. మనుషులు మందకు తలో పక్కన గొంగడి కప్పుకుని పడుకుంటారు. వాళ్ళకు అవతల కుక్కలు. నల్లటి దక్కనీ గొర్రెల ఉన్నితో నేసిన ఆ గొంగడే పరుపు, దుప్పటి, వానకు గొడుగు. తోడేలు ఎదురుపడి కలబడదు. గాలివానకు మంద చెదిరినప్పుడో, కుంటి గొర్రె వెనకబడినప్పుడో వచ్చి పట్టుకుపోతుంది. కాబట్టి ఏ గొర్రె నడక తేడాగా ఉందో సాయంత్రమే గమనించడం కాపరి పనిలో సగం. గొర్రెలకాపరుల దేవుడు మైలారుడి విగ్రహాల్లో, పటాల్లో కుక్క తరచూ కనబడటంలో ఆశ్చర్యం లేదు.

ఈ కాపరులంతా తోడేలుపై దయతలచారని కాదు. చలికాలంలో ఈనిన తోడేలు బొరియకు పొగపెట్టి పిల్లల్ని చంపినవాళ్ళున్నారు. చచ్చిన గొర్రెలో విషం కలిపినవాళ్ళూ ఉన్నారు. పోయిన గొర్రెను తోడేలు వాటాగా లెక్కేసి ఊరుకున్నవాళ్ళు మహారాష్ట్ర ధనగర్లలో కనిపిస్తారు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. నిన్నటిదాకా తలకు వెల కట్టిన జంతువును చంపితే ఇప్పుడు జైలు. 1974లో కర్ణాటకలోని మేలుకోటేలో, 1976లో నేటి జార్ఖండ్‌లోని మహువాడాండ్‌లో తోడేళ్ళ కోసం అభయారణ్యాలు ఏర్పడ్డాయి. కర్నూలు దగ్గర రోళ్ళపాడును 1988లో బట్టమేక పిట్ట కోసం కాపాడారు. అక్కడి గడ్డి బీళ్ళలో కృష్ణజింకలతో పాటు తోడేళ్ళూ తిరిగేవి. దేశం మొత్తం మీద ఇప్పుడు మిగిలినవి 3 వేలకు అటూఇటూ.

కానీ తోడేలు అభయారణ్యం హద్దులు చూసుకుని బతకదు. జింకలు తగ్గిన చోట దాని తిండి మేకలు, గొర్రెలే. రెవెన్యూ లెక్కల్లో బంజరుగా రాసిన నేలే మందకు మేత, తోడేలుకు ఇల్లు. ఆ నేల బోరుబావుల సాగుకు, రోడ్లకు, సోలార్ ప్లాంట్లకు పోతుంటే నష్టం ఇద్దరిదీ.

తోడేలు చంపిన పశువుకు అటవీశాఖ పరిహారం ఇవ్వడం చాలా రాష్ట్రాల్లో ఉంది. దానికి కళేబరం ఉండాలి, పశువైద్యుడి సర్టిఫికెట్ ఉండాలి. తెల్లారితే పొరుగూరి పొలానికి కదిలే వలస కాపరికి ఆ కాగితం ఎవరిస్తారు? పిల్లను నోట కరచుకుని పోయాక చూపించడానికి ఏముంటుంది? వలస దారుల్లోనే నష్టం నమోదు చేసే ఏర్పాటు కావాలి. మంద చుట్టూ కట్టడానికి వలలు, రాత్రి కాపలాకు మంచి టార్చిలైట్లు ఇప్పించాలి. మందతో తిరిగే కుక్కలకు ఏటా టీకాలు వేయించాలి, ఎందుకంటే వాటి జబ్బులు తోడేళ్ళకూ అంటుతాయి.