మహమ్మారి వచ్చినప్పుడు ఇన్సూరెన్సు రూల్సు ఏమయ్యాయి?

మొన్న మన సంఘం సంక్రాంతి భోజనాల దగ్గర ఒక పెద్దాయన మమ్మల్ని పట్టుకుని, "ఏమండీ డాక్టరు గారూ, ఆ కోవిడ్ రోజుల్లో టెస్టుకి పైసా అడగలేదు, ఫోను మీద మాట్లాడితే చాలన్నారు, మందులు గడువుకి ముందే ఇచ్చారు. ఇప్పుడు మళ్ళీ అన్నీ మొదటికొచ్చాయి. అప్పుడు కుదిరినది ఇప్పుడెందుకు కుదరదు?" అని నిలదీశారు. చేతిలో పులిహోర ప్లేటు, వెనకాల జనం. అక్కడ నిలబడి చెప్పగలిగిన సమాధానం కాదు గనుక, రాసి మన పత్రికకి ఇస్తామని మాటిచ్చి తప్పించుకున్నాము. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకుంటున్నాము.

మేము చదివినది వైద్యమే గాని న్యాయశాస్త్రం కాదు. అయితే ఈ దేశంలో డాక్టరుకి రోగిని చూడటం ఎంత పనో, చూసినందుకు ఇన్సూరెన్సు కంపెనీ దగ్గర అనుమతులు, బిల్లులు రాబట్టుకోవడం దాదాపు అంత పని. కనుక ఈ విద్య మాకు ఇష్టం లేకపోయినా పట్టుబడింది.

ముందుగా తెలుసుకోవలసినదేమంటే, అమెరికాలో ఇన్సూరెన్సుకి ఒక పెద్ద దిక్కు అంటూ లేదు, యాభై చిన్న దిక్కులున్నాయి. ఇది పాత కథ. ఇన్సూరెన్సు కంపెనీల మీద అజమాయిషీకి 1851లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం మొదటిసారిగా అధికారులను నియమించింది. 1869లో సుప్రీంకోర్టు, ఇన్సూరెన్సు పాలసీ అమ్మడం అంతర్రాష్ట్ర వర్తకం కిందికి రాదని తీర్పు చెప్పింది. దానితో వ్యవహారమంతా రాష్ట్రాల చేతిలోనే ఉండిపోయింది. ఆ రాష్ట్రాల కమీషనర్లు 1871లో ఒక సంఘంగా ఏర్పడ్డారు. 1944లో సుప్రీంకోర్టు తన మాట తానే మార్చుకుని, ఇది వర్తకమే, కేంద్రానికి అధికారం ఉన్నదన్నది. రాష్ట్రాలు గగ్గోలు పెట్టగా మరుసటి ఏడే, 1945లో, కాంగ్రెసు మక్కారన్–ఫెర్గూసన్ చట్టం చేసి ఆ అధికారాన్ని తిరిగి రాష్ట్రాలకే అప్పగించింది. ఇంతవరకు బాగానే ఉన్నది. కాని 1974లో ఉద్యోగుల పెన్షన్ల కోసమని చేసిన ఎరిసా చట్టం ఇందులో పెద్ద కన్నం పెట్టింది. పెద్ద పెద్ద యజమానులు ఇన్సూరెన్సు కొనకుండా తమ డబ్బుతో తామే ఉద్యోగుల వైద్యఖర్చు భరిస్తే, ఆ ప్లానుల మీద రాష్ట్ర కమీషనరుకి అధికారం లేదు. కార్డు మీద ఇన్సూరెన్సు కంపెనీ పేరే ఉంటుంది, పని చేసి పెట్టేదీ ఆ కంపెనీయే, డబ్బు మాత్రం యజమానిది. ఉద్యోగం ద్వారా ఆరోగ్య రక్షణ పొందేవారిలో సగానికి పైగా ఇలాంటి ప్లానుల్లోనే ఉన్నారు. మన సాఫ్ట్‌వేరు సోదరులలో చాలమందికి తమది ఏ రకమో తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ మామూలు రోజుల్లో రాదు.

2020లో ఆ అవసరం వచ్చింది.

ఫిబ్రవరి 29న వాషింగ్టన్ రాష్ట్ర గవర్నరు అత్యవసర పరిస్థితి ప్రకటించారు. మార్చి 5న అక్కడి ఇన్సూరెన్సు కమీషనరు మైక్ క్రైడ్లర్ ఒక ఆర్డరు ఇచ్చారు. కరోనా టెస్టుకి, అందుకోసం డాక్టరు దగ్గరికి వెళ్ళినందుకు రోగి దగ్గర కోపే, డిడక్టబుల్ వసూలు చేయకూడదు. టెస్టుకీ వైద్యానికీ ముందస్తు అనుమతి కోసం ఆపకూడదు. మందులు అయిపోకముందే ఒకసారి మళ్ళీ ఇవ్వాలి. న్యూయార్కు, కాలిఫోర్నియాలు కూడా ఆ వారంలోనే ఇటువంటి ఆదేశాలిచ్చాయి. చూడటానికి ఇవి చిన్న విషయాలు. కాని జ్వరంతో ఉన్న మనిషి, టెస్టుకి ఎంత బిల్లు వస్తుందోనని ఇంట్లోనే కూర్చుంటే జబ్బు వీధి వీధంతా పాకుతుంది. అంటువ్యాధిలో ఒకరి కోపే ఒక్కరి వ్యవహారం కాదు. నూరేళ్ళ ప్రజారోగ్య శాస్త్రం చెప్పిన ఈ మాట ఇన్సూరెన్సు రూలు పుస్తకంలోకి ఎక్కడానికి ఒక మహమ్మారి కావలసి వచ్చింది.

అయితే పైన చెప్పిన కన్నం అక్కడే బయటపడింది. కమీషనరు ఆర్డరు స్వంత నిధులతో నడిపే ప్లానులకి వర్తించదు. ఒకే వీధిలో, ఒకే కంపెనీ కార్డున్న ఇద్దరిలో ఒకరికి టెస్టు ఉచితం, రెండవవారి సంగతి యజమాని దయ. దీనిని పూడ్చినది మార్చి 18న కాంగ్రెసు చేసిన చట్టం. టెస్టు విషయంలో అన్ని రకాల ప్లానులనూ ఒక తాటి మీదికి తెచ్చారు. మార్చి 27న వచ్చిన కేర్స్ చట్టం మరొక మెట్టు ఎక్కింది. ఒప్పందం లేని లేబరేటరీలో టెస్టు చేయించుకుంటే, ఆ లేబు తన వెబ్‌సైటులో ప్రకటించిన నగదు ధరను ఇన్సూరెన్సు చెల్లించాలన్నది. ఉద్దేశం మంచిదే. కాని ఆ ధరకి పరిమితి ఏదీ పెట్టలేదు. మెడికేరు వేగవంతమైన యంత్రాల మీద చేసిన టెస్టుకి 100 డాలర్లు ఇస్తున్న రోజుల్లో కొన్ని లేబులు అంతకు ఎన్నో రెట్లు ధర రాసి పెట్టుకుని దర్జాగా వసూలు చేశాయి. రోగి జేబులోంచి పోలేదు గనుక ఎవరూ కేకలు వేయలేదు. తరువాతి ఏటి ప్రీమియంలో ఆ డబ్బు ఎవరి జేబులోంచి వస్తుందో పాఠకులకు చెప్పనవసరం లేదు.

ఇంకొక సంగతి చాలమంది గమనించలేదు. ఉచితం చేసినది టెస్టును, తరువాత టీకాను. ఆసుపత్రిలో చేరి వారాల తరబడి వైద్యం చేయించుకుంటే రోగి వాటాను మాఫీ చేయమని కేంద్ర చట్టమేదీ చెప్పలేదు. 2020లో చాలా కంపెనీలు తమంతట తామే మాఫీ చేసి పత్రికల్లో ప్రకటించుకున్నాయి. 2021లో ఎక్కువ కంపెనీలు చడీచప్పుడు లేకుండా ఆపేశాయి.

ఇక ఫోను సంగతి. ఇది మేము కళ్ళారా చూసినది. ఆ మార్చిలో మేము న్యూయార్కులో రెసిడెన్సీ చేస్తున్నాము. అంతకుముందు మెడికేరు రూలు ప్రకారం దూరవైద్యానికి డబ్బు రావాలంటే సాధారణంగా రోగి పల్లెప్రాంతం వాడై ఉండాలి, పైగా తన ఇంట్లో కాక ఏదో ఒక క్లినిక్కుకి వెళ్ళి అక్కడి తెర ముందు కూర్చోవాలి. క్లినిక్కుకి వెళ్ళలేకనే కదా దూరవైద్యం అంటే జవాబు లేదు. ఏళ్ళ తరబడి అది మారదన్నారు. మార్చి 17న ఒక ప్రకటనతో మారిపోయింది, అదీ 6వ తేదీ నుంచే వర్తించేలాగ. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని స్కైపు, ఫేస్‌టైము ఏది ఉంటే దానిలో మాట్లాడవచ్చు, రోగి రహస్యాల చట్టం కింద జరిమానా వేయమన్నారు. కాని మా క్లినిక్కు రోగుల్లో సగం మంది ముసలివాళ్ళు, మడత ఫోనుతో బండి లాగేవాళ్ళు. వాళ్ళకి బొమ్మ కనిపించే ఫోను లేదు. గొంతు మాత్రమే వినిపించే సంభాషణకి మెడికేరు ఇచ్చేది నామమాత్రం. ఒక ముసలామె, గుండెజబ్బు మనిషి, ఫోనులో మాట్లాడుతూ మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నది. ఆ ఆగడాన్ని బట్టే ఆమె ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని గ్రహించి మందు మోతాదు పెంచాము. బొమ్మ ఉంటే అది వైద్యం, లేకపోతే కాదు అనడం ఎంత అసంబద్ధమో అప్పుడు తెలిసింది. ఏప్రిల్ 30న ఆ రూలు కూడా మార్చి, ఫోను మాటకి క్లినిక్కులో చూసినంత రేటు ఇచ్చారు. ఆ వెసులుబాట్లను కాంగ్రెసు తరువాత విడతలు విడతలుగా పొడిగిస్తూ వచ్చింది. 2025 అక్టోబరులో ప్రభుత్వం మూతపడినప్పుడు కొన్ని వారాలు గడువు తీరిపోయి, నవంబరులో మళ్ళీ అతుకు వేశారు.

ఆరోగ్యం కాని ఇన్సూరెన్సులలోనూ ఇటువంటివి జరిగాయి. న్యూయార్కులో కష్టంలో ఉన్నవారికి జీవిత బీమా ప్రీమియం కట్టడానికి 90 రోజులు, ఇల్లూ కారూ వంటి వాటికి 60 రోజులు గడువిచ్చారు. కాలిఫోర్నియా కమీషనరు రికార్డో లారా, కార్లన్నీ గరాజుల్లో ఉన్నప్పుడు పూర్తి ప్రీమియం ఎందుకని ఏప్రిల్ 13న ఆర్డరు వేసి డబ్బు వాపసు ఇప్పించారు.

ఒక్క చోట మాత్రం రూలు వంగలేదు. మనలో హోటళ్ళు, మోటళ్ళు నడిపేవారికి ఇది బాగా గుర్తుండాలి. వ్యాపారం మూతపడితే నష్టం ఇస్తామనే పాలసీ చాలమందికి ఉన్నది. ఏళ్ళ తరబడి కట్టారు. తీరా మూతపడ్డాక విప్పి చూస్తే వైరసు వల్ల వచ్చిన నష్టానికి వర్తించదని ఒక కాగితం కుట్టి ఉన్నది. 2003లో సార్స్ వ్యాధి వచ్చి వెళ్ళిన తరువాత, 2006లో కంపెనీలు తయారు చేసుకున్న కాగితం అది. కమీషనర్లు అప్పుడు దానిని ఒప్పుకున్నారు. 2020 మార్చిలో న్యూజెర్సీ శాసనసభలో, ఆ మినహాయింపు ఉన్నా చెల్లించవలసిందే అని ఒక బిల్లు బయలుదేరి వెనక్కి తగ్గింది. కమీషనర్ల సంఘం కూడా మార్చి 25న అటువంటి చట్టాలు వద్దన్నది. ప్రీమియం వసూలు చేయని అపాయానికి డబ్బు చెల్లించమంటే కంపెనీలే కూలిపోతాయని వారి వాదన. లెక్క ప్రకారం అది సరైన మాటేనని మేమూ ఒప్పుకుంటాము. కాని ఇడ్లీ దోసెల హోటలు మూసుకున్న మిత్రుడి ముఖం చూస్తూ ఆ లెక్క చెప్పడం కష్టం. ఇంగ్లండులో దీనినే మరొక దారిన పరిష్కరించారు. అక్కడి అజమాయిషీ సంస్థ తానే పాలసీదారుల పక్షాన 2020లో కోర్టుకి వెళ్ళి, ఈ పాలసీలలోని మాటలకు అర్థమేమిటో తేల్చమన్నది. 2021 జనవరి 15న అక్కడి సుప్రీంకోర్టు చాలవరకు పాలసీదారుల పక్షానే చెప్పింది. ఇక్కడ మాత్రం ఎవరి దావా వారు వేసుకున్నారు, ఎక్కువమంది ఓడిపోయారు.

ఇక మన వైపు. భారతదేశానికంతటికీ ఇన్సూరెన్సు అజమాయిషీ చేసే సంస్థ హైదరాబాదులోనే ఉన్నదని మనవాళ్ళలోనే చాలమందికి తెలియదు. 1999 చట్టంతో ఏర్పడింది, ఐ.ఆర్.డి.ఎ.ఐ. అంటారు. అక్కడ యాభై దిక్కులు లేవు, ఒక్కటే. కనుక ఒక్క సర్క్యులరుతో దేశమంతా కదులుతుంది. 2020 మార్చి 4నే, కరోనా క్లెయిములను త్వరగా తేల్చమనీ, సమీక్షా కమిటీ చూడకుండా తిరస్కరించవద్దనీ కంపెనీలకు రాశారు. లాక్‌డౌను వచ్చాక ఇంకొక చిక్కు. ప్రీమియం ముందుగా చేతికందనిదే కంపెనీ రిస్కు తీసుకోరాదని 1938 నాటి ఇన్సూరెన్సు చట్టంలో 64 వి.బి. అనే సెక్షను ఉన్నది. బ్యాంకులకు వెళ్ళలేని జనం గడువులోగా ఎలా కడతారు? ప్రభుత్వమే నోటిఫికేషను ఇచ్చి, ఆరోగ్య పాలసీలకూ మోటారు థర్డ్ పార్టీ పాలసీలకూ ఏప్రిల్ 21 వరకు, తరువాత మే 15 వరకు గడువు ఇచ్చి, మధ్యలో రక్షణ తెగిపోకుండా చూసింది.

అంతకన్న విశేషం, జూన్ నెలాఖరులో అజమాయిషీ సంస్థే ఒక పాలసీని రాసి, దాని పేరుతో సహా కంపెనీల చేతిలో పెట్టి, జూలై 10లోగా అమ్మమన్నది. అదే కరోనా కవచ్. మూడున్నర, ఆరున్నర, తొమ్మిదిన్నర నెలల పాలసీ, 50 వేల నుంచి 5 లక్షల దాకా. ఇంట్లో ఉండి చేయించుకున్న వైద్యానికి కూడా 14 రోజులు వర్తిస్తుంది. పట్నానికో రేటు, పల్లెకో రేటు పెట్టకూడదన్నారు. ఆ అర నెల ఏమిటని మాకు మొదట అర్థం కాలేదు. కొన్న తరువాత మొదటి 15 రోజులు పాలసీ పనిచేయదు, ఆ రోజులను కలిపి ఇచ్చారు. జ్వరం వచ్చాక పరుగెత్తి కొనేవారిని ఆపడానికి ఆ ఏర్పాటు. కర్ణుడి కవచంలాగ పుట్టుకతో వచ్చినది కాదు కదా, పదిహేను రోజులు ఆగాలి.

2021 ఏప్రిల్‌లో మా పెదనాన్నగారు హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉన్నారు. పది రోజుల తరువాత ఆక్సిజను అవసరం తీరిపోయింది, ఒకనాడు ఉదయం తొమ్మిదింటికి ఇంటికి వెళ్ళవచ్చన్నారు. ఇక్కడ మాకు రాత్రి. సంతోషంగా పడుకున్నాము. ఉదయం లేచి ఫోను చేస్తే ఆయన ఇంకా అదే మంచం మీద ఉన్నారు. బిల్లుకి ఇన్సూరెన్సు ఒప్పుకోలు రాలేదు. కిటికీలోంచి చూస్తే కింద అంబులెన్సులు కనిపిస్తున్నాయట. "నేను లేస్తే ఈ మంచం వాళ్ళకొస్తుంది కదరా, లేవనివ్వడం లేదు" అన్నారు. అంతకు ఏడాది ముందే, 2020 ఏప్రిల్‌లోనే, ఆసుపత్రి నుంచి కాగితాలందిన రెండు గంటల్లో ఒప్పుకోలు ఇవ్వాలని రూలు ఉన్నది. ఎవరు పాటించారు? ఏప్రిల్ 28న ఢిల్లీ హైకోర్టు, మంచాల కోసం జనం బయట నిలబడి ఉండగా ఈ గంటల ఆలస్యమేమిటని మందలించింది. మర్నాడే హైదరాబాదు నుంచి కొత్త సర్క్యులరు వచ్చింది, గడువు 60 నిమిషాలని. పెదనాన్నగారు అప్పటికి ఇల్లు చేరారు.

అత్యవసరం ముగిసినప్పుడు రూల్సు ఎక్కడికి పోతాయన్నది మన పెద్దాయన అసలు ప్రశ్న. ఇక్కడ అన్నిటికన్న పెద్ద మార్పు మెడికెయిడ్‌లో జరిగింది. రాష్ట్రాలకు కేంద్రం వాటా 6.2 శాతం పెంచి, అందుకు బదులుగా ఎవరినీ జాబితాలోంచి తీసేయవద్దన్నారు. సుమారు 7 కోట్ల 10 లక్షలున్న జాబితా 2023 వసంతానికి 9 కోట్ల 40 లక్షలయింది. ఆ షరతు 2023 మార్చి 31తో తీరిపోయింది. తరువాత ఏడాదిన్నరలో రెండున్నర కోట్లమందికి పైగా జాబితాలోంచి పోయారు. అందులో అర్హత లేదని తేలి పోయినవారు తక్కువ, చిరునామా మారి ఉత్తరం అందకనో, ఫారము తిరిగి పంపకనో పోయినవారే ఎక్కువ. అత్యవసర పరిస్థితి మే 11తో ముగిసింది. ఆ మరునాటి నుంచి టెస్టు ఉచితంగా ఇవ్వాలన్న నిర్బంధమూ కంపెనీల మీద లేదు. మన పెద్దాయనకు బిల్లు వచ్చినది అందుకే.

హైదరాబాదు రూలు మాత్రం వేరే దారి పట్టింది. 2024 మే 29న ఐ.ఆర్.డి.ఎ.ఐ. ఇచ్చిన పెద్ద సర్క్యులరులో, కరోనా అన్న మాటతో పని లేకుండా అన్ని జబ్బులకూ, చేరేటప్పుడు ఒప్పుకోలు ఒక గంటలో, వెళ్ళేటప్పుడు మూడు గంటల్లో ఇవ్వాలన్నారు. ఆలస్యమై ఆసుపత్రి అదనంగా వేసే బిల్లు కంపెనీయే భరించాలి. ఈ సంగతి మా పెదనాన్నగారికి ఫోనులో చదివి వినిపించాము. ఆయన ముప్ఫై ఏళ్ళు బ్యాంకులో పనిచేసిన మనిషి. "మూడు గంటలు ఎప్పటినుంచి లెక్క? డాక్టరు వెళ్ళమన్నప్పటినుంచా, ఆసుపత్రివాళ్ళు కాయితం పంపినప్పటినుంచా?" అని అడిగారు.

కాయితం పంపినప్పటినుంచే.