అమెరికా వలస చట్టాలు

అమెరికా సంయుక్త రాష్ట్రాలకు ఎవరు రావచ్చో, ఎవరు స్థిరపడవచ్చో నిర్ణయించే చట్టాలు. మూలవాసుల నేలపై వలసలతో పెరిగిన ఈ దేశం 1882లో చైనా కూలీల రాకను నిషేధించింది. 1917లో నిషేధం భారతదేశానికీ పాకింది. 1923లో భగత్‌సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు ‘తెల్లవారు’ కారని, పౌరసత్వానికి అనర్హులని తీర్పిచ్చింది. థింద్ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. ఆ సేవా అక్కరకు రాలేదు. అప్పటికే పౌరులైన భారతీయులు కొందరు ఆ హక్కు పోగొట్టుకున్నారు. 1946 చట్టం పౌరసత్వానికి దారి తెరిచినా ఏటా 100 మంది భారతీయులకే ప్రవేశం దక్కింది.

పుట్టిన దేశాన్ని బట్టి ప్రవేశాలను పరిమితం చేసే జాతీయ మూలాల కోటాలను 1965 చట్టం రద్దు చేశాకే తెలుగు డాక్టర్లు, ఇంజినీర్ల వలస ఊపందుకుంది. 1990 చట్టం హెచ్-1బి తాత్కాలిక ఉద్యోగ వీసాను తెచ్చింది. శాశ్వత నివాసానికి గ్రీన్ కార్డు కావాలి. ఉద్యోగ కోటా గ్రీన్ కార్డుల్లో సాధారణంగా ఏ దేశానికైనా 7 శాతమే పరిమితి. చిన్న దేశానికీ భారత్‌కూ ఒకే లెక్క. అందుకే భారతీయులు ఏళ్ల తరబడి ప్రతి నెలా, ఎవరి వంతు వచ్చిందో తెలిపే వీసా బులెటిన్‌లో తమ దరఖాస్తు తేదీ వచ్చిందా అని చూసుకుంటారు. ఈలోగా 21 ఏళ్లు నిండితే వారి పిల్లలు తల్లిదండ్రులపై ఆధారపడిన ఆశ్రిత హోదా కోల్పోవచ్చు. అక్కడే బడికెళ్లి పెరిగినవారికి ఇది అన్యాయమే. పరిమితి ఎత్తేయాలని భారతీయ సంఘాలు కోరుతుంటే, మిగతా దేశాలవారి నిరీక్షణ పెరుగుతుందని వ్యతిరేకులు వాదిస్తున్నారు.