నాయనమ్మ దాచిన టెంకలు

నూజివీడు ప్రాంతంలో పుట్టినవాళ్ళ చేతికి రసం పండు ఇస్తే కత్తి అడగరు. మెత్తగా పిసికి, ముచిక దగ్గర చిల్లుపెట్టి జుర్రుకుంటారు. మిగిలిన టెంక పెరట్లోకి విసిరేస్తారు. ఆ టెంకకి ఇంత చరిత్ర ఉందని చిన్నప్పుడు నాకేం తెలుసు!

1990 మే తుఫానుకి మా పెరట్లోని పెద్దరసం చెట్టు కాయలతో సహా కూలిపోయింది. తాతయ్య నాటిన చెట్టది. నాయనమ్మ రాలిన కాయలు మాగవేసి, టెంకలు కడిగి ఎండబెట్టి, బీరగింజల్లాగే బూడిద కలిపి కుండలో పోసి అటకెక్కించింది. కొత్త ఇంటి పునాదులు లేచాక, కార్తీకంలో నాటింది. ఒక్కటీ మొలవలేదు. "నా హస్తవాసి పోయిందే అమ్మాయ్" అని కళ్ళు తుడుచుకుంది.

పాపం, హస్తవాసిదేం తప్పు? గింజలన్నిటికీ ఒకే మర్యాద పనికిరాదు. ఎండబెట్టి, చల్లగా ఉంచితే బీర, వరి, గంజాయి గింజల్లాంటివి చాలాకాలం బతుకుతాయి. ఇజ్రాయెల్‌లోని మసాడా కోటలో దొరికిన ఖర్జూర గింజ సుమారు రెండువేల ఏళ్ళ తర్వాత, 2005లో మొలిచింది. మామిడి జీడి అలా కాదు. దానికి లోపలి తడే ప్రాణం. ఆరిపోతే చచ్చిపోతుంది, మరీ చల్లదనానికీ తట్టుకోదు. ఇలాంటి గింజలకి 1973లో రాబర్ట్స్ అనే శాస్త్రవేత్త 'రికాల్సిట్రెంట్' అని పేరుపెట్టాడు. అంటే మాట వినని మొండిఘటాలన్నమాట!

అందుకే దూరదేశాలకి టెంక మోసుకెళ్ళడం కష్టమైంది. 1782లో ఇంగ్లీషువాళ్ళు పట్టుకున్న ఫ్రెంచి ఓడలో నెంబర్లు కట్టిన మామిడి మొక్కలు దొరికాయి. అవి జమైకా చేరాయి. 'పదకొండో నెంబరు' మామిడి అక్కడ ఇప్పటికీ పేరున్నదే. 1889లో పూనా నుంచి అమెరికాకి పంపిన ముల్గోబా కూడా అంటుమొక్కలే. ఫ్లోరిడాలో 1894-95 మంచుకి ఒక్క చెట్టే మిగిలింది. దాని టెంకల నుంచి మొలిచిన మొక్కలు తెచ్చి, 1902లో కెప్టెన్ హేడెన్ నాటుకున్నాడు. వాటిలో ఒకటి తల్లిని పోలకుండా, ఎర్రటి బుగ్గల కొత్త పండు కాసింది. దానికి ఆయన పేరే నిలిచింది.

కాబట్టి నాయనమ్మ టెంకలు మొలిచినా, తాతయ్య చెట్టు మాత్రం తిరిగొచ్చేది కాదు. మన రసాల టెంక నుంచి వచ్చే మొక్క తల్లి గుణాలన్నీ పుణికిపుచ్చుకోదు. ఆ చెట్టే కావాలంటే, కొమ్మ పచ్చగా ఉన్నప్పుడే అంటుకట్టి ఉండాల్సింది. ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు.

కిందటి వేసవిలో రసం తిన్న మర్నాడే, టెంక తడారకముందే పైపెంకు ఒలిచి, జీడిని కుండీలో పెట్టాను. కొన్నాళ్ళకి రాగిరంగు ఆకులు తొంగిచూశాయి. చూపిద్దామంటే నాయనమ్మ లేదు. ఆవిడ హస్తవాసి మంచిదేనని చెప్పడం ముప్పై ఏళ్ళు ఆలస్యమైంది.