తిత్తి మాది, బిందె ఎవరిది?

మిత్రులారా, ఈ వారం ఒక బిందె చరిత్ర చెప్పుకుందాం.

మా జేజి ఇత్తడి బిందె మెడ దగ్గర పగిలింది. కొనకనమిట్లలో మా ఇంటెనక రేకుల కొట్టంలో నాకొక చిన్న పనిబల్ల ఉంది. గ్యాస్ బర్నరు, నాలుగు ఇటుకలు, పటకారు, ఇంత వెలిగారం. అక్కడే కూర్చుని ఆ బిందెకు మాటు వేశాను.

కూలి గింజలు అమ్మి కొన్న బిందె అది. కానీ కొత్తలో జేజి దాన్ని ఇంట్లోనే దాచిపెట్టి, నీళ్ళకు మాత్రం మట్టికుండ తీసుకుపోయేదట. ఎందుకని అడిగితే "వాళ్ళ కళ్ళల్లో పడటం ఎందుకురా నాయనా" అనేది. ఆ మాట నాకు చాన్నాళ్ళు అర్థం కాలేదు.

ముందు పని సంగతి. సీసం, తగరం కలిపిన మెత్త టంకం 200 డిగ్రీల లోపే కరుగుతుంది. రేడియో తీగలకు సరిపోతుంది గానీ తాగేనీళ్ళ బిందెకు పనికిరాదు, సీసం నీళ్ళలోకి దిగుతుంది. 450 డిగ్రీలు దాటాక కరిగే లోహంతో అతికితే దాన్ని బ్రేజింగ్ అంటారు. వెండి 962 డిగ్రీల దగ్గర, రాగి 1085 దగ్గర కరుగుతాయి. 72 పాళ్ళ వెండికి 28 పాళ్ళ రాగి కలిపితే మాత్రం 780 దగ్గరే కరుగుతుంది. జింకు చేరిస్తే ఇంకా ముందే కరుగుతుంది. ఇత్తడి కరగాలంటే 900 దాటాలి. ఈ తేడా మీదే పనంతా నడుస్తుంది.

పగులును గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దాలి. వెలిగారం నీళ్ళలో నూరి పూయాలి. అది వేడికి గాజులా పరుచుకుని లోహానికి గాలి తగలనివ్వదు. మంట టంకం మీద కాదు, బిందె మీద పెట్టాలి. బిందె సరిగ్గా కాగితే టంకం తనంతట తానే సందులోకి పాకుతుంది. కాడ్మియం కలిసిన టంకం జోలికి పోవద్దు. 'కేడీఎం బంగారం' పేరులో ఉన్నది అదే, దాని పొగ ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది.

వెలిగారాన్ని సంస్కృతంలో టంకణం అన్నారు. టిబెట్ సరస్సుల నుంచి గొర్రెల, మేకల వీపుల మీద హిమాలయాలు దాటి వచ్చేది. మరి మంట ఎక్కడిది? కంసాలి సన్నపని ఊదుగొట్టంతో చేసుకున్నా, కంచరి, కమ్మరి కొలిమికి తోలుతిత్తి కావాలి. ఆ తోలు ఎవరిచ్చారు? చచ్చిన గొడ్డును మోసుకొచ్చి, వలిచి, సున్నంలో నానేసి, తంగేడుచెక్క పోసిన లందలో పదును చేసింది మాదిగలు. లోహం కరిగిన ప్రతి కొలిమిలో ఆ చేతుల పని ఉంది.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో కుడిచేతి కులాలు, ఎడమచేతి కులాలని రెండు పక్షాలుండేవి. కంసాలి, కమ్మరి, కంచరి ఉన్న పంచాణం వాళ్ళది ఎడమచేతి పక్షం. మాదిగలదీ అదే. మాలలది కుడిచేతి పక్షం. నిప్పూ తోలూ ఒకే పక్షంలో ఉన్నా కొలిమి ఊళ్ళో, లంద ఊరిబయట. వెలివాడల్లో బతికే మాలమాదిగలను మాత్రం చెరో పక్షాన నిలబెట్టి కొట్టుకోమన్నారు.

ఇక బిందె దగ్గరికి వద్దాం. మనుస్మృతి పదో అధ్యాయం చండాలులకు పగిలిన పాత్రల్లో తిండి, ఇనుప నగలు అని విధించింది. అదంతా పాతకాలం అనుకుంటున్నారా? 1930 డిసెంబరులో ఇదే మద్రాసు ప్రెసిడెన్సీలో, రామనాథపురం జిల్లాలో కళ్ళర్లు ఆది ద్రావిడులకు ఎనిమిది నిషేధాలు పెట్టారు. వెండి, బంగారు నగలు పెట్టుకోకూడదు. ఇళ్ళలో మట్టిపాత్రలే వాడాలి. 1935 నవంబరులో అహ్మదాబాదు జిల్లా జాను గ్రామంలో అంటరాని ఆడవాళ్ళు లోహపు బిందెలతో నీళ్ళకు పోయినందుకు కొట్టారు. బాబాసాహెబ్ ఆ సంగతి 'కుల నిర్మూలన'లో నమోదు చేశారు. 1985 జూలైలో అప్పటి మన ప్రకాశం జిల్లా కారంచేడులో, తాగేనీళ్ళ చెరువు దగ్గర తన మీదికి దెబ్బ వస్తుంటే మున్నంగి సువార్త అడ్డంగా బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న, ఆరుగురు దళితుల్ని చంపారు.

జేజి మాట ఇప్పుడు అర్థమైంది. ఆమెది పిరికితనం కాదు, లోహం చేతబట్టిన దళిత ఆడమనిషికి ఏమవుతుందో ఆమెకు తెలుసు. మంటకు గాలిచ్చిన తిత్తి మనది. ఆ మంటలో తయారైన బిందె మన చంకన కనబడితే నేరం. వృత్తుల చరిత్ర రాసినవాళ్ళు కొలిమిని రాశారు గానీ తిత్తి వెనకున్న లందను చాలావరకు వదిలేశారు. ఆ చరిత్ర మనమే రాయాలి.

విద్యార్థి మిత్రులకు ఒక పని. మీ ఇంటికి మొదటి లోహపు బిందె ఎప్పుడొచ్చింది? ఎవరి కూలితో వచ్చింది? దాంతో బయటికి పోయిన మొదటి రోజు ఏం జరిగింది? మీ జేజిలు, అమ్మమ్మలు ఉండగానే అడగండి, రాసిపెట్టండి.

మా బిందె ఇప్పుడు కారడం లేదు. నిన్న దాంతోనే కొళాయి దగ్గర నీళ్ళు పట్టుకొచ్చాను.

జై భీమ్.