ప్రదర్శనమున మిగిలిన ధనము

శాస్త్రపరిశోధన చేయగోరు విద్యార్థికి బుద్ధియు, గురువును, ప్రయోగశాలయు నున్న చాలునని పలువురు తలంతురు. నాలుగవది యొకటి కలదు. అది కొన్నియేండ్లు నిశ్చింతగా భుజింపగల వేతనము. పరిశోధనకు ఫల మెన్నడు వచ్చునో, అసలు వచ్చునో రాదో, ముందుగా జెప్ప శక్యము కాదు. అట్టి కృషికి ధనమిచ్చిన వారి వృత్తాంతము నొకదానిని నేడు మీకు విన్నవించెదను.

1851వ సంవత్సరము మే 1వ తేదీన లండను నగరమందలి హైడ్ పార్కులో, గాజుతోను ఇనుముతోను గట్టిన మహాభవనమున, సర్వదేశ వస్తుప్రదర్శనము ప్రారంభమయ్యెను. తొలుత ప్రవేశరుసుము హెచ్చుగా నుండెను. ఆ నెల 26వ తేదీ మొదలు వారమునకు నాలుగు దినములు ఒక్క షిల్లింగునకే లోనికి బోనిచ్చిరి. పనివారును పల్లెవాసులును తండోపతండములుగా వచ్చిరి. అక్టోబరులో ప్రదర్శనము ముగియునప్పటికి చూడవచ్చినవారి లెక్క అరువది లక్షలు దాటెను. ఖర్చులు పోగా సుమారు 1,86,000 పౌనులు మిగిలెను.

ప్రదర్శనమును నడపిన రాయల్ కమిషనువారు ఆ ధనముతో దక్షిణ కెన్సింగ్టనులో భూములు కొని, విద్యాసంస్థలకును ప్రదర్శనశాలలకును నెలవు కల్పించిరి. 1891లో శాస్త్రపరిశోధక వేతనముల నేర్పరచిరి. ఏటికి 150 పౌనులు. పరీక్షలలోని మార్కులు మాత్రమే చాలవు. స్వయముగా పరిశోధన చేయగల నేర్పును అభ్యర్థి చూపవలెను. ఈ నియమమే ఆ వేతనమునకు ప్రాణమని నా తలంపు.

న్యూజీలాండులో నారమిల్లు నడుపు నొక గృహస్థుని పన్నెండుగురు సంతానములో నాలుగవవాడు ఎర్నెస్టు రూథర్‌ఫర్డు. ఇనుము అయస్కాంతత్వము పొందు విధమును శోధించి, యాతడీ వేతనమునకు దరఖాస్తు పెట్టెను. పరీక్షకులు మెక్లారిన్ అను రసాయనశాస్త్రజ్ఞుని ముందుంచిరి. అతడు స్వదేశమున నిలువదలచి వలదనుటచే, రెండవవాడగు రూథర్‌ఫర్డున కది దక్కెను. వార్త అందినప్పు డాతడు ఉర్లగడ్డలు త్రవ్వుచుండెననియు, తాను త్రవ్వు కడపటి గడ్డ యదియే యనెననియు జెప్పుదురు. 1895లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము అన్యవిశ్వవిద్యాలయముల పట్టభద్రులను పరిశోధక విద్యార్థులుగా జేర్చుకొన నారంభించెను. ఆ యేటనే యాతడు జె. జె. థామ్సను చెంత జేరెను. పిహెచ్.డి. పట్టము అచ్చట నప్పటికి లేదు. అది 1919లో నేర్పడినది. 1911లో రూథర్‌ఫర్డు పరమాణువునకు కేంద్రకము కలదని లోకమునకు దెలిపెను.

అదే వేతనముతో జేమ్సు ఛాడ్విక్కు 1913లో బెర్లినునకు బోయెను. మరుసటి యేట మహాయుద్ధము రాగా, శత్రుదేశీయుడని వారాతనిని రూహ్లేబెన్ పందెపుమైదానము గుర్రపుసాలలలో నిర్బంధించిరి. యుద్ధాంతమువరకు విడువలేదు. అచ్చటను ఊరకుండక, థోరియము కలిసిన దంతలేపనముతో ప్రయోగములు చేసెను. లెక్క చూచువారికి ఆ యేండ్లన్నియు నష్టముగనే తోచును. 1932లో న్యూట్రానును గనుగొన్నవా డాతడే.

ఆ గాజుభవనము సిడెన్‌హామునకు తరలింపబడి, 1936 నవంబరు 30వ తేదీన తగులబడి పోయెను. హోమీ భాభాకును ఆ నిధినుండి పరిశోధకవేతనము లభించెను. భవనము బూడిదయ్యెను గాని, పనివారు చెల్లించిన షిల్లింగులు నేటికిని పరిశోధకులను పోషించుచునే యున్నవి.

రూథర్‌ఫర్డునకు వేతనమిచ్చినవారు పరమాణుకేంద్రకమును గోరి యీయలేదు. అట్టి దొకటి కలదని వారెరుగరు. ఫలమునకు ముందే పూచీ యడిగియుండినచో, ఆ గడ్డలు త్రవ్వు పిన్నవానికి చెప్పుటకు మాటయే యుండెడిది కాదు. యోగ్యుని నెన్నుకొనుట, చాలినంత వేతనమును వేళ తప్పక యిచ్చుట, పిమ్మట ఓపిక పట్టుట — దాతలు చేయదగిన దింతియే. ఇందులో ఓపిక పట్టుటయే మిక్కిలి కష్టము.