రంగు గాజు వెనక చేతులు

ఉప్పల్‌లో బస్సు దిగి నాచారం పారిశ్రామికవాడ వైపు నడిచేటప్పుడు నేను ఒక టీ దుకాణం దగ్గర ఆగుతూ ఉంటాను. అక్కడ గోడమీద లక్ష్మీదేవి క్యాలెండరు. ఒకనాడు నా వెంట వచ్చిన విద్యార్థి దాన్ని చూసి, "ఇదీ ఒక కళేనా మాస్టారూ?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తప్పని తర్వాత తోచింది. ఎందుకు తప్పో చెప్పాలంటే విక్టోరియా నాటి ఇంగ్లండు దాకా పోవలసి ఉన్నది.

1861లో విలియం మోరిస్ మిత్రులతో కలిసి లండన్‌లో అలంకరణ పనుల సంస్థ నెలకొల్పాడు. చర్చీలకు రంగు గాజు కిటికీలు చేయడం దాని ముఖ్యమైన పనుల్లో ఒకటి. వాటికి బొమ్మలు గీసినవారిలో ప్రధానుడు ఎడ్వర్డ్ బర్న్-జోన్స్. గ్రీకు పురాణంలోని పెర్సియస్ కథను చిత్రించినదీ ఆ చేయే. తాను పుట్టిన బర్మింగ్‌హామ్‌లో సెయింట్ ఫిలిప్ చర్చికి ఆయన 1885-1897 మధ్య నాలుగు కిటికీలు రూపొందించాడు: క్రీస్తు ఆరోహణం, జననం, శిలువ, అంతిమ తీర్పు. అయితే ఆయన గీసింది కాగితం మీద. గాజు కోసినవారు, రేఖలు దిద్ది కొలిమిలో కాల్చినవారు, ముక్కలను సీసపు పట్టీలతో కూర్చినవారు వేరు. వారిని తలచేవారు అరుదు.

కళ కొద్దిమంది సొత్తు కారాదన్న మోరిస్ 1884లో సోషలిస్టు లీగు స్థాపకుల్లో ఒకడయ్యాడు. కాని ఆయన సంస్థ సరుకు కొనగలిగింది ఎక్కువగా ధనికులే. చేతిపనికి న్యాయమైన కూలి యిస్తే వెల పెరుగుతుంది. వెల పెరిగితే శ్రామికుడు కొనలేడు. ఈ చిక్కుముడి కళ ఒక్కటే విప్పగలిగేది కాదు.

ఇక మన మెదక్ చర్చిని చూడండి. 1914లో మొదలైన ఆ కట్టడానికి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. కరువు రోజుల్లో పాస్నెట్ దొర పనికి తిండి పెట్టి కట్టించాడు. ఆ తిండి ప్రాణాలు నిలిపిందన్నది కాదనలేం. కాని ఆకలి కూలి బేరమాడలేదు. రంగు గాజు కిటికీలకు రూపమిచ్చింది ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. ఘట్టాలు మళ్ళీ అవే: ఆరోహణం, జననం, శిలువ. మనం చెప్పుకునేది పాస్నెట్, సాలిస్‌బరీల పేర్లే. రాళ్ళు మోసిన పల్లె కూలీల పేర్లు కావు.

పాశ్చాత్య తైలవర్ణ పద్ధతిలో మన దేవతలను చిత్రించిన రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుకూటం పెట్టాడు. దేవతల బొమ్మలు పేదవాడి గోడకెక్కాయి. మోరిస్ శంకించిన యంత్రమే మోరిస్ కోరిన పనిని, కొంత వికృతంగానైనా, చేసింది. టీ దుకాణంలోని లక్ష్మి ఆ వంశంలోదే. ఆమెను చూసి నవ్వడమంటే ఆ గోడ యజమానిని చూసి నవ్వడమే.

మొన్న మళ్ళీ ఆ విద్యార్థితో అక్కడికి వెళ్ళాను. "బొమ్మ కింద ఏముందో చదువు," అన్నాను.

"కిరాణా వ్యాపారి పేరు."

"గీసినవాడిది? అచ్చువేసినవాడిది?"

అతడు క్యాలెండరు పైకెత్తి వెనక కూడా చూశాడు. ఈసారి మేమిద్దరం నవ్వలేదు.