వినుకొండ సీమలో పేదరికం: కరువు, కాలువ, కౌలు

వినుకొండ ప్రాంతపు పేదరికాన్ని వర్షాభావానికి ముడిపెట్టి చెప్పడం పరిపాటి. నల్లమల అంచున, గుండ్లకమ్మ పరీవాహకంలో ఉన్న ఈ మెట్టసీమకు ఆ వివరణ కొంతవరకే సరిపోతుంది. కరువు ఇక్కడి కుటుంబాలన్నిటినీ ఒకే తీరున తాకలేదు. కరువుకు విరుగుడుగా వచ్చిన కాలువా, ఆ వెంట వచ్చిన వాణిజ్య పంటలూ అందరికీ ఒకే తీరున అందలేదు. లాభం ఎవరికి చేరాలో, నష్టం ఎవరు మోయాలో ప్రధానంగా భూమిపై హక్కే నిర్ణయించిందని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1832-33 నాటి క్షామాన్ని గుంటూరు సీమ ప్రజలు నందన కరువనీ, డొక్కల కరువనీ పిలిచారు. సుమారు ఐదు లక్షల జనాభాలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది మరణించారని అంచనాలు ఉన్నాయి. వాన లేక దుక్కి ఆగిపోతే కూలి కుటుంబానికి పని పోతుంది. అదే సమయంలో గింజల ధర పెరుగుతుంది. రాబడి ఆగిన ఇంటికే ఖర్చు పెరుగుతుంది. పాతరలో జొన్నలు దాచుకున్న ఇంటికి ఆ ధర పెరుగుదలే బలమవుతుంది. ఈ విధంగా ఒకే కరువు ఒక ఇంటిని వలసకు నెట్టి, మరొక ఇంటికి అప్పు ఇచ్చే స్తోమతను కలిగించగలదు.

ఆ క్షామపు జ్ఞాపకం కృష్ణా ఆనకట్ట నిర్మాణానికి ఒక ప్రేరణ అయింది. 1855 నాటికి బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తయి డెల్టా మాగాణి అయింది. ఎగువనున్న వినుకొండ మెట్టగానే మిగిలింది. ఒకే జిల్లాలో రెండు ఆర్థిక వ్యవస్థలు ఏర్పడ్డాయి. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడుదలైంది. ఆనకట్టకూ దీనికీ మధ్య 112 ఏళ్లు గడిచాయి. ఆ తరువాత కుడికాలువ ఆయకట్టు వినుకొండ పరిసరాలకు విస్తరించినా, బొల్లాపల్లి వంటి ఎగువ గ్రామాల మెట్ట దాని వెలుపలే ఉంది. డెల్టాకూ మెట్టకూ నడుమ ఉన్న అంతరం ఇప్పుడు పొరుగూళ్ల నడుమకు వచ్చింది.

కాలువ నీరు, నల్లరేగడి, సంకర విత్తనం కలిసి పత్తి, మిరప సాగును పెంచాయి. ఈ పంటలకు పెట్టుబడి ఎక్కువ. విత్తనం, ఎరువు, పురుగుమందు అప్పుగా ఇచ్చిన వ్యాపారికే పంట అమ్మవలసిరావడం, వడ్డీని పంట డబ్బులోనే మినహాయించుకోవడం సాధారణమయ్యాయి. 1987-88లో తెల్లదోమ ఉధృతితో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి దెబ్బతిని రైతుల ఆత్మహత్యలు సంభవించాయి. విచక్షణ లేని పురుగుమందుల వాడకం మిత్రకీటకాలను నశింపజేసి తెల్లదోమకు తోడ్పడింది. తెల్లదోమ వల్ల ఈ విషాదం జరిగిందన్న విషయం పేదరికానికి వర్షాభావమే కారణమన్న వాదాన్ని బలహీనపరుస్తుంది.

ఒకే చేనును ఆశ్రయించిన మూడు కుటుంబాలను పోల్చితే ఈ అసమానత స్పష్టమవుతుంది. భూయజమానికి పంట పండినా ఎండినా కౌలు చేరుతుంది. పలుచోట్ల అది ముందస్తుగానే చేరుతుంది. కౌలుదారు పెట్టుబడి పెట్టి, పురుగు, వాన, ధర అనే మూడింటి నష్టాన్నీ మోస్తాడు. మిరపకోతకూ పత్తితీతకూ వచ్చే కూలీలకు, వారిలో అధికసంఖ్యాకులైన స్త్రీలకు, పని ఉన్న రోజులకే రాబడి. కౌలుదారు నష్టపోతే ఆ పనిదినాలు కూడా తగ్గుతాయి.

చట్టం ఈ లోపాన్ని గుర్తించింది. 1956 కౌలుదారీ చట్టం రక్షణ కల్పించినా, హక్కు సంక్రమిస్తుందన్న భయంతో యజమానులు రాతపూర్వక కౌలుకు వెనుకాడారు. 2011 చట్టం సాగుదారులకు రుణ అర్హత కార్డులను, 2019 చట్టం పదకొండు నెలల ఒప్పందంపై సాగు హక్కు పత్రాలను ప్రవేశపెట్టాయి. యజమాని సంతకం ఉంటేనే ఆ పత్రం లభిస్తుంది. కనుక నోటిమాటపై సాగే కౌలులో బ్యాంకు రుణం, పంట నష్టపరిహారం అసలు సాగుదారును చేరడం కష్టమే.

సాహిత్య చరిత్రకు ఈ పరిశీలన అవసరం ఉంది. 1895లో వినుకొండలో జన్మించిన గుర్రం జాషువ 1941లో వెలువరించిన ‘గబ్బిలం’లో, శ్రమించినా ఆకలి తీరని అరుంధతీసుతుని దుఃఖం దైవలీలగా సమసిపోదు, అది సంఘాన్ని ప్రశ్నిస్తుంది. కరువు సాహిత్యాన్ని ప్రకృతి విపత్తుల చిత్రణగానే చదివే పద్ధతికి ఈ కావ్యం ఒక సవరణ. వినుకొండ అనుభవం కూడా అదే చెబుతున్నది. ఈ సీమ పేదరికాన్ని లెక్కగట్టేటప్పుడు వర్షపాతపు పట్టికతో పాటు పట్టా ఎవరి పేరున ఉందో, అప్పు ఎవరి పేరున ఉందో కూడా చూడవలసి ఉంటుంది.